పొగ మానిన పిదప దమ్ము: ఆయాసాది లక్షణముల విచారణము

“దమ్ము” అను మాటకు తెలుగున మూడర్థములు ముఖ్యముగా గలవు. ఊపిరి యనునది మొదటిది. పొగను గుండెలనిండ లాగుట రెండవది. “ఒక దమ్ము లాగి వచ్చెదను” అనుట అందరును వినినదే. ఆయాసము, ఉబ్బసము అనునది మూడవది. ధైర్యమను నాల్గవ యర్థముతో మనకిచ్చట పనిలేదు. పారసీకమునుండి దేశభాషలలోనికి వచ్చిన ఈ శబ్దము షోలాపురపు మరాఠీలోను, బెంగుళూరి కన్నడములోను, చెన్నపురి తమిళములోను ఏదో యొక రూపమున వినబడుచునే యుండును. తెలుగునాటికి వెలుపల తరతరములుగా కాపురమున్న మనవారు పరభాషా వైద్యునొద్ద కూర్చుండి వ్యాధిని చెప్పుకొనునపుడు ఈ మాటయే ముందుగా నోటికి వచ్చును. వైద్యునకును అది తెలిసిన మాటవలెనే తోచును. చిక్కు అంతయు అచ్చటనే యున్నది.

నేను బరంపురమున వైద్యవృత్తిలో నుండగా, అరువదేండ్లు దాటిన ఒక ముసలమ్మ నాయొద్దకు వచ్చినది. ఆమె బాల్యమునుండి చుట్ట కాల్చినది. అదియు అడ్డచుట్ట, అనగా నిప్పుకొన నోటిలోపల నుంచి కాల్చునది. కొడుకు పోరు పడలేక చుట్ట మానినది. పదునొకండవ దినమున వచ్చి, “సుట్ట మానీసినాకే దమ్మొచ్చీసింది బాబూ. నిన్న మళ్లీ ముట్టించినాను, నిదానించింది” అని చెప్పినది. ఆమె మాటలో అసత్యము లేదు. మానిన పిదపనే ఆయాసము తెలిసినది, ముట్టించినంతనే తగ్గినట్లయినది. ఈ రెండు నిజములనుండి ఆమె తీసిన నిర్ణయము మాత్రము తప్పు: పొగ తన యొంటికి పడినదనియు, మానుట పడలేదనియు ఆమె నిశ్చయించుకొనినది. నేను చూచిన వారిలో, మాని మరల మొదలుపెట్టిన వారనేకులు ఈ తర్కముచేతనే మొదలుపెట్టిరి. కావున పొగ మానినవాని ఆయాసము ఎన్ని విధములు, ఏది యెన్ని దినములుండును, దేనిని ఓర్చుకొనవలెను, దేనిని ఓర్చుకొనరాదు అను విషయమును కొంత విపులముగా చెప్పదలచితిని.

ముట్టించినంతనే నిదానించుటకు కారణము ముందు చూతము. పొగాకులోని నికొటిన్ అను పదార్థము, పోర్చుగల్లునుండి పొగాకును ఫ్రాన్సునకు పంపిన జాన్ నికో అను రాయబారి పేరిట వెలసినది. దానిని 1828లో హైడెల్బర్గునందు ఇద్దరు జర్మను శాస్త్రజ్ఞులు మొదట వేరుపరచిరి. పొగ లాగిన 10 మొదలు 20 సెకనులలో ఇది మెదడును చేరును. అక్కడి నాడీకణములపై దానిని అందుకొను గ్రాహకములు గలవు. నిత్యము పొగ త్రాగువానికి ఈ గ్రాహకముల సంఖ్య పెరిగిపోవును. రక్తములో నికొటిన్ సుమారు 2 గంటలకు సగమగును. అది తరిగినకొలది ఆకలిగొన్న ఆ గ్రాహకములు చికాకును, ఆందోళనను, ఏదియు తోచని స్థితిని పుట్టించును. ఒక దమ్ము లాగగానే అవి శాంతించును. అనగా చుట్ట తీర్చిన బాధ చుట్ట పెట్టిన బాధయే. వడ్డీకి అప్పిచ్చినవాడు ఆ వడ్డీ కట్టుటకై మరల కొంత సొమ్ము ఇచ్చి మెప్పుపొందుట వంటిది.

ఈ నికొటిన్ కరవు మానిన కొన్ని గంటలకే మొదలై, రెండవ మూడవ దినములలో పతాకస్థాయికి చేరి, రెండు మొదలు నాలుగు వారములలో చాలవరకు అణగిపోవును. పెరిగిన గ్రాహకములు తగ్గి మామూలు స్థితికి వచ్చుటకు మరికొన్ని వారములు పట్టును. పొగకై తహతహ ఆ తరువాతను అప్పుడప్పుడు తలయెత్తును గాని, ప్రతి పర్యాయమును కొద్ది నిముషములకు మించి నిలువదు. గడియారము చూచుకొని ఐదు నిముషములు వేరొక పనిలో నిలిచినవానికి ఆ సంగతి స్వయముగా తెలియును. ముసలమ్మ పదునొకండవ దినమున వచ్చెనని చెప్పితిని గదా. కష్టతరమైన దినములను ఆమె అప్పటికే దాటినది. ఆ మాట ఆమెకు ముందుగా చెప్పినవారు లేరు.

ఇక ఆయాసము. ఇందు మొదటి రకము కఫమువలన కలుగునది. మన శ్వాసనాళముల లోపొరపై శైలికలు అను అతి సూక్ష్మమైన నూగు గలదు. అది వరిచేను గాలికి ఊగునట్లు ఎడతెగక ఊగుచు, లోనికి పోయిన ధూళిని శ్లేష్మముతో కలిపి గొంతువైపునకు నెట్టుచుండును. పొగ ఈ నూగును మొద్దుబారజేయును, కొంత రాల్చివేయును. అందుచే త్రాగువాని తెమడ అడుగుననే పేరుకొనియుండును. పొగ ఆగిన కొద్ది దినములకు శైలికలు మరల కదలనారంభించును. ఏండ్ల తరబడి ఊడ్వని యింటిని ఒక్కమారు ఊడ్చినపుడు దుమ్ము లేచినట్లు, అప్పుడు దగ్గు హెచ్చును, తెమడ పడును, రొమ్ము బరువుగా నుండును. ఇది బాగుపడుటకు గురుతు. సాధారణముగా కొన్ని వారములలో తగ్గును. దగ్గును ఆయాసమును పూర్తిగా సద్దుమణుగుటకు ఒక మాసము మొదలు తొమ్మిది మాసములవరకు పట్టవచ్చును.

ఈ దగ్గును అణచు మందులు త్రాగుట మంచిది కాదు. వెలికి పోవలసినది లోననే నిలుచును. గోరువెచ్చని నీటిని తరచుగా పుచ్చుకొనవలెను. తెమడ కదలనపుడు బలముగా దగ్గి అలసిపోవుటకంటె, ఒక మోస్తరు ఊపిరి తీసికొని, నోరు తెరచి, అద్దముపై ఆవిరి పట్టించునట్లు “హా” అని రెండు మూడు మారులు వేగముగా ఊది, పిదప ఒక్కమారు దగ్గుట మేలు.

రెండవది మనస్సునుండి పుట్టిన ఆయాసము. దీనిని గూర్చి మనవారెవరును చెప్పగా నేను వినలేదు గాని, రోగులలో తరచుగా చూచితిని. పొగ త్రాగువాడు దినమునకు పలుమారులు పని విడిచి వచ్చి, దీర్ఘముగా లోనికి లాగి, మెల్లగా వదలును. పొగను తీసివేసి చూచినచో అది యొక విధమైన ప్రాణాయామమే. మానినపుడు పొగతోపాటు ఆ విరామమును, ఆ దీర్ఘశ్వాసయు పోవును. దానికి నికొటిన్ కరవువలని ఆందోళన తోడగును. అప్పుడు ఊపిరి పైపైన, వేగముగా సాగును. గాలి చాలలేదని తోచి ఇంకను వేగముగా తీయును. మితిమీరి తీయుటచే రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, వ్రేళ్ల కొనలు, పెదవుల చుట్టును చిమచిమలాడును, తల తేలిపోవును. రోగి గుండె ఆగునని భయపడును. ఈ భయము మరల ఆయాసమును పెంచును.

దీనికి ఉపాయము ఊపిరిని మెల్లగా వదలుటయందున్నది, బలముగా పీల్చుటయందు లేదు. కుర్చీపై కొంచెము ముందునకు వంగి, మోచేతులను తొడలపై ఆనించి, భుజములను వదులుచేసి కూర్చుండవలెను. నోరు మూసి ముక్కుతో రెండు లెక్కించునంత సేపు పీల్చి, వేడిపాలను చల్లార్చునట్లు పెదవులను సున్నవలె చుట్టి నాలుగు లెక్కించునంత సేపు మెల్లగా ఊదవలెను. ఐదారు నిముషములలో నిదానించును. సి.ఓ.పి.డి. అను దీర్ఘకాలిక శ్వాసావరోధము గలవారికిని ఇదే పద్ధతిని నేర్పుదురు. వారిలో ముడుచుకొనిపోవు సన్ననాళములను ఇది కొంతసేపు తెరచియుంచును. చుట్ట కాల్చుటకు అలవాటుపడిన వేళలలో, అనగా ఉదయము లేచినపుడు, భోజనానంతరము, పని నడుమ, ఆ విరామమును విడువక పొగ లేకుండ ఈ ఊపిరిని సాగించినచో తహతహయు తగ్గును. పొగ మాని విరామమునుకూడ మానినవాడు రెండు కష్టములను ఒకేమారు నెత్తికెత్తుకొనుచున్నాడు.

మూడవది అసలైన వ్యాధి. ఇది పొగ మానుటచే పుట్టినది కాదు, అంతకుముందే యున్నది. చుట్ట చేతనుండగా “పొగ త్రాగువానికి ఆ మాత్రము ఆయాసము లేకుండునా” అని త్రోసివేసినది, మానిన పిదప తన ఊపిరిని తాను గమనించుకొనుటచే బయటపడును. 1977లో ఫ్లెచర్, పీటో అను ఆంగ్ల పరిశోధకులు, లండనులో పనిచేయు పురుషులను 8 ఏండ్లు వెంబడించి చూచి, ఒక ముఖ్యవిషయమును ప్రకటించిరి. పొగకు లొంగు స్వభావముగల ఊపిరితిత్తులు త్రాగినంతకాలము వడిగా క్షీణించును. మానినచో పోయిన శక్తి తిరిగి రాదు గాని, క్షీణించు వేగము త్రాగనివాని వేగమునకు దిగును. ఆ తరువాత అమెరికా, కెనడా దేశములలో 5,887 మంది పొగత్రాగువారిపై జరిగిన పరిశీలనలో 11 ఏండ్లకు తేలిన లెక్క యిది: ఒక సెకనులో బలముగా ఊదగల గాలి, త్రాగుచునే యున్న పురుషులలో ఏటికి సుమారు 66 మిల్లీలీటర్ల చొప్పునను, మానినవారిలో 30 మిల్లీలీటర్ల చొప్పునను తగ్గినది. ముసలమ్మ ఆయాసము పూర్తిగా పోవునని నేను చెప్పలేదు. చెప్పియుండినచో ఆరు మాసములకు ఆమె నన్ను అబద్ధమాడినవానిగా ఎంచి మరల చుట్ట పట్టియుండును. ఉన్నదానిని నిలుపుకొనుటకే మానవలెనని చెప్పితిని.

ఇచ్చట మన ప్రవాస సమాజముల వృత్తులను గూర్చి ఒక మాట అవసరము. షోలాపురములో స్థిరపడిన తెలుగు పద్మశాలీలలో పురుషులు మగ్గములయొద్దను, స్త్రీలు బీడీలు చుట్టుటయందును బ్రతుకు వెళ్లదీసిన కుటుంబములనేకము. భివండీ మరమగ్గములకు తెలంగాణమునుండి పోయినవారును అట్టివారే. కోయంబత్తూరి నూలుమిల్లులలో పనిచేసిన తెలుగువారును కలరు. దూది ధూళివలన బిసినోసిస్ అను వ్యాధి వచ్చును. వడకు శాలలలో హెచ్చు, నేతశాలలలో తక్కువ. వారపు సెలవు గడిపి పనిలోనికి పోయిన మొదటి దినమున రొమ్ము పట్టినట్లుండి, వారము గడచినకొలది తగ్గుట దీని తొలిగురుతు. బీడీ మానిన నేతగాడు సోమవారమున ఆయాసపడి, బీడీ లేకపోవుటచేతనే యని తలచినచో ఆశ్చర్యము లేదు. బీడీలు చుట్టు స్త్రీ తాను బీడీ ముట్టకున్నను పొగాకు ధూళిని దినమెల్ల పీల్చును; ఇంటిలో కట్టెలపొయ్యి యున్నచో ఆ పొగయు తోడగును. కావున వైద్యునకు “పొగ మానితిని” అని మాత్రము చెప్పి ఊరకుండక, ఏ పని చేయుదురో, వంట దేనిపై జరుగునో, ఏ దినమున ఆయాసము హెచ్చునో కూడ చెప్పవలెను. స్పైరోమెట్రీ యను పరీక్షలో గొట్టములోనికి బలముగా ఊదించి నాళముల ఇరుకును కొలుతురు. నలువది దాటిన ప్రతి పొగరాయుడును మానిన పిదప ఒకమారు దానిని చేయించుకొనుట యుక్తము.

మాటల విషయమునను జాగ్రత్త వలయును. మెట్లెక్కునపుడు రొప్పుటను “ఎగపోత” అనవలెను. ఊపిరి వదలునపుడు రొమ్ములో ఈలవంటి ధ్వని వచ్చుటను “పిల్లికూతలు” అందురు. ఇది నాళముల ఇరుకునకు గురుతు. గాలి చాలలేదను భావన మాత్రమే యుండి, నడచినపుడు హెచ్చక, ఊరక కూర్చున్నపుడే వచ్చి, నిట్టూర్పులతో తీరునది పైన చెప్పిన రెండవ రకము కావచ్చును. ఈ భేదములు కన్నడ, మరాఠీ, ఒడియా వైద్యునకు తెలుపగలిగినచో సగము పరీక్ష అయినట్లే. అన్నిటికిని “దమ్ము” అని చెప్పినచో అన్నిటికిని ఒకే మందు దొరకును.

మానుటవలన కలిగినదని ఎంతమాత్రము ఓర్చుకొనరాని లక్షణములు కొన్ని గలవు. తెమడలో నెత్తురు పడుట. రొమ్మునొప్పి ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకుచు చెమట పట్టుట. కదలక కూర్చున్నను మాటలు రానంత ఆయాసము. పెదవులు నీలివన్నె తిరుగుట. పడుకొనలేక లేచి కూర్చుండవలసి వచ్చుట. పాదములు పొంగుట, లేదా ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టుట. గుండెనొప్పి, తీవ్రమైన ఆయాసము వచ్చినపుడు 108కి పిలుపు పంపవలెను. ఈ సంఖ్య ఆంధ్ర, తెలంగాణములలోనే గాక కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలోను పనిచేయును. మరియు రెండు వారములకు మించిన దగ్గునకు క్షయ పరీక్ష చేయించవలెనని మన దేశపు నియమము. శైలికలు మేలుకొనుటవలని దగ్గు రెండు వారములు దాటవచ్చునని పైన వ్రాసితిని. అయినను తెమడ పరీక్ష మానరాదు. జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట తోడైనచో అసలే ఆలసింపరాదు.

ఇప్పుడు చెప్పబోవు విషయమును నేను నా పొరపాటునుండి నేర్చుకొంటిని. ఉబ్బసమునకు థియోఫిలిన్ మాత్రలు వాడుచున్న ఒక గుమాస్తా సిగరెట్టు మానిన పదిదినములకు నాయొద్దకు వచ్చెను. గుండె దడ, చేతులు వణకుట, వాంతులు, నిద్రలేమి. మానినవారికి ఇట్లే యుండునని చెప్పి, ధైర్యము నూరిపోసి పంపితిని. మూడవనాడు మరింత క్షీణించి వచ్చెను. అప్పుడు గాని నాకు తట్టలేదు. పొగలోని తారు పదార్థములు కాలేయములోని ఒక ఎంజైమును రెచ్చగొట్టును. ఆ ఎంజైమే థియోఫిలినును విరిచివేయును. కావున త్రాగువానికి మందు త్వరగా ఖర్చగును; ఆ లెక్కను బట్టియే అతనికి మోతాదు హెచ్చుగా కుదిరియుండును. పొగ మానగానే ఎంజైము చల్లబడును. పాత మోతాదే రక్తములో పేరుకొని విషమగును. మానిన వారమునకే మోతాదును నాలుగవ వంతు మొదలు మూడవ వంతువరకు తగ్గింపవలసి యుండును. మోతాదు తగ్గించినపిదప అతడు కోలుకొనెను. ఆ మూడు దినములలో అతడు మరల సిగరెట్టు ముట్టించియుండినచో లక్షణములన్నియు తగ్గి, సిగరెట్టే దివ్యౌషధమని మా యిద్దరికిని తోచియుండెడిది.

ఇదే యెంజైము కాఫీలోని కెఫీనునుకూడ విరుచును. కాఫీ అన్నమువలె నిత్యావసరమైన చెన్నపురి, కోయంబత్తూరు, బెంగుళూరు తెలుగువారు ఈ సంగతి ముఖ్యముగా ఎరుగవలెను. పొగ మానినవాడు మునుపటివలెనే నాలుగు లోటాల కాఫీ త్రాగినచో, రక్తములో కెఫీను సుమారు రెండింతలగును. దడ, చికాకు, నిద్రలేమి, చేతివణకు: ఇవి నికొటిన్ కరవు లక్షణములును అగును, కెఫీను మించిన లక్షణములును అగును. పొగ మానుట తన నరములను పాడుచేసినదని వాపోవువారిలో కొందరిని పాడుచేయునది కాఫీయే. కావున మానిన దినమునుండి కాఫీని సగమునకు తగ్గించి, సాయంకాలమైన పిదప మానివేయుట మంచిది. కాఫీతోడనే సిగరెట్టు వెలిగించు అలవాటు గలవారికి ఇందుచే రెండు లాభములు. నికొటిన్ గమ్ నమలువారికిని ఈ జాగ్రత్త తప్పదు. ఏలయన ఎంజైమును రెచ్చగొట్టునది పొగయే గాని నికొటిన్ కాదు. మనోవ్యాధులకు ఓలాంజపిన్, క్లోజపిన్ వాడువారును, రక్తము పలుచబరచు వార్ఫరిన్ వాడువారును, ఇన్సులిన్ తీసికొనువారును మానుటకు ముందే తమ వైద్యునకు తెలుపవలెను.

మిగిలిన లక్షణములను త్వరగా ముగింతును. చుట్ట కాల్చినగాని విరేచనము కాదనువారు మనలో కోకొల్లలు. అది వట్టి మాట కాదు, నికొటిన్ ప్రేవులను కదలించును. మానిన తొలివారములలో మలబద్ధము కలుగును. ఉదయమున లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీరు, తోటకూర, గోంగూర వంటి ఆకుకూరలు, జామపండు, అవసరమైనచో రాత్రి ఇసబ్గోల్, వీనితో సర్దుకొనును. నోటిపూత కొందరికి మొదటి రెండు వారములలో వచ్చి తానే మానును. నిద్ర చెదరుట, వింత కలలు రెండు మూడు వారములలో తగ్గును. ఆకలి మాత్రము కొన్ని మాసములు నిలుచును. మొదటి యేట సగటున 4 లేక 5 కిలోల బరువు పెరుగును. జంతికలకు బదులు వేయించిన సెనగలును, కీర దోస ముక్కలును దగ్గర నుంచుకొని, దినమునకు అరగంట నడచినవానికి ఇది తక్కువ. నడక తహతహను కూడ అణచును. దిగులు రెండు మూడు వారములు గడచినను వీడక, బ్రతుకుపై విరక్తి కలిగినచో అది పొగ సంగతి కాదని యెంచి వైద్యుని చూడవలెను.

మొండిగా ఒక్కమారే మానగలవారిని నేను మెచ్చుకొందును. కాని మందుతో మానినవాడు దుర్బలుడను భావము మనవారిలో పాతుకొనియున్నది, అది నాకు నచ్చదు. నికొటిన్ గమ్ 2, 4 మిల్లీగ్రాముల మోతాదులలో దొరకును. 2 మిల్లీగ్రాములది చీటీ లేకయే అమ్ముదురు. దానిని తమలపాకువలె ఎడతెగక నమలి రసము మ్రింగుటచే ఎక్కిళ్లు, గుండెమంట వచ్చి, “నాకు పడలేదు” అని పారవేయువారు చాలమంది. కొంచెము నమలి, మిరియపు ఘాటు తోచగానే బుగ్గకును చిగురునకును నడుమ ఆపి, ఘాటు తగ్గిన పిదప మరల నమలవలెను, అట్లు అరగంట. దానికి పావుగంట ముందు కాఫీ, సోడా త్రాగినచో మందు నోటిలో ఇంకదు. మూడు మాసములలో క్రమముగా తగ్గించి మానవలెను. వరెనిక్లిన్, బ్యుప్రోపియాన్ అను మాత్రలు వైద్యుని చీటీపైననే పుచ్చుకొనదగినవి. ఇక బీడీకి బదులు ఖైనీయో, గుట్కాయో, నస్యమో పట్టుట, బరంపురము వైపు గుడాకుతోను, షోలాపురము వైపు మిశ్రీతోను పండ్లు తోముట, ఇవన్నియు నికొటిన్ బానిసత్వమును నిలిపియుంచి ఊపిరితిత్తుల బాధను నోటికి మార్చుటయే. ఎలెక్ట్రానిక్ సిగరెట్ల అమ్మకము మన దేశమున 2019లోనే నిషిద్ధమైనది.

వయసు మీరిన పిదప మానియు లాభమేమి యను ప్రశ్న తరచుగా వినబడును. బ్రిటనులో 1951 నుండి 50 ఏండ్లు పురుష వైద్యులనే పరిశీలించిన డాల్, పీటో ప్రభృతులు 2004లో ప్రకటించిన దాని ప్రకారము, 60వ యేట మానినవారికి సుమారు 3 ఏండ్లు, 50వ యేట మానినవారికి 6, 40వ యేట 9, 30వ యేట 10 ఏండ్ల ఆయుస్సు కలిసివచ్చినది. రక్తములో ప్రాణవాయువునకు చోటులేకుండ చేయు కార్బన్ మోనాక్సైడు మానిన ఒకటి రెండు దినములలోనే త్రాగనివాని స్థాయికి దిగిపోవును. దానికి వయసుతో నిమిత్తము లేదు.

ముసలమ్మ కథ కొంత మిగిలియున్నది. ఆమె రొమ్మును పరీక్షించిన పిదప నోరు తెరువుమంటిని. అంగుడి తెల్లబారి, నడుమ ఎర్రని చుక్కలతో దళసరియై యుండెను. గాలికి ఆరదనియు, చాలసేపు వచ్చుననియు ఉత్తరాంధ్ర తీరమునను, గంజాం తీరమునను స్త్రీలు అడ్డచుట్ట కాల్చుదురు. ఆ వేడియు పొగయు నేరుగా అంగుటికి తగులును. ఆంధ్రప్రదేశ్ గ్రామములలో 10,169 మంది నోళ్లను పరీక్షించిన పిండ్‌బోర్గ్, మెహతా మొదలగువారు 1971లో ప్రకటించిన వ్యాసము ఈ మార్పులను గూర్చినదే. ఇట్టివి కొన్ని చుట్ట మానినచో తగ్గును. కొన్ని పుండై కేన్సరగును. ఏది యేదో చూపుతో చెప్పుట కష్టము. ఆమెను దంతవైద్యునొద్దకు పంపి, చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించితిమి. అదృష్టవశమున కేన్సరు లేదు. అడ్డచుట్ట మానినవారు ఆయాసమునకై వైద్యుని చూచినపుడు, ఆయన అడుగకున్నను నోరు చూపవలెను.

“మళ్లీ దమ్మొస్తే ఏటి సేయను బాబూ?” అని పోవునపుడు ఆమె అడిగినది. పాలు చల్లార్చు ఊపిరిని నాయెదుటనే పదిమారులు చేయించి పంపితిని. నాడు లేని సహాయమొకటి నేడున్నది. 2016 నుండి నడచుచున్న 1800-11-2356 అను ఉచిత దూరవాణికి పిలిచినచో పొగాకు మానుటకు సలహా చెప్పుదురు. సిగరెట్టు పెట్టెలపైనే ఈ సంఖ్య అచ్చయి యుండును. దక్షిణభాషలవారికి బెంగుళూరి నిమ్హాన్స్ సంస్థనుండి సమాధానము లభించును. షోలాపురమునుండి పిలిచినను, యానామునుండి పిలిచినను తెలుగున మాటలాడుమని కోరవచ్చును.